తిరుపతి నుంచి బండీపూర్‌కు ఒక్క పగల్లో

తలకోన చూసి, మర్నాడే కర్ణాటకలోని పులుల అడవి బండీపూర్ చేరడం కుదురుతుందా అని చుట్టాలు అడుగుతున్నారు. కుదురుతుంది. తిరుపతి నుంచి దాదాపు 470 కిలోమీటర్లు. కాకపోతే దూరం కంటే ముందు చెక్‌పోస్టు టైము చూసుకోవాలి. బండీపూర్ అడవి రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మామూలు బండ్లను వదలరు.

తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులోనే ఉంది. వానలు పడ్డాక వెళ్తే 270 అడుగుల జలపాతం నిండుగా దూకుతుంది. అడవి మధ్య గదులు బాగుంటాయి గానీ సిగ్నల్ అంతంతమాత్రం, భోజనం ముందే చెప్పుకోవాలి. మేం దిగిన చోట వేడినీళ్ళు "ఇదో, పది నిమిషాలు సార్" అంటూనే తెల్లారింది. లాంగ్ డ్రైవ్ ముందు రాత్రి మాత్రం తిరుపతికి వచ్చి పడుకోండి.

తెల్లారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. కాణిపాకం బోర్డు కనబడగానే అత్తమ్మ "దండం పెట్టుకుని పోదామప్పా" అంది. "క్యూ ఎంతుంటుందో ఆ వినాయకుడికే ఎరుక, తిరిగొచ్చేటప్పుడు చూద్దాం అత్తమ్మా" అని బావ బండి ఆపలేదు. ఆమె ముఖం మాత్రం చిత్తూరు దాటేదాకా విప్పారలేదు.

బంగారుపాళ్యం మామిడి తోటలు దాటితే మొగిలి ఘాట్. లోడు లారీలు దిగే చోటు, ఓవర్‌టేక్ జోలికి పోవద్దు. పలమనేరు చుట్టుపక్కల చీకట్లో ఇంకా నిదానం. ఇది కౌండిన్య అభయారణ్యం పక్క, 1980ల నుంచి ఏనుగులు తిరిగే నేల. బండీపూర్‌లో మనం టికెట్టు కొని చూసే ఏనుగు ఇక్కడి రైతు చేలోకి పిలవకుండానే దిగుతుంది.

టిఫిన్‌కు ముళబాగిలు. అక్కడి దోసె మందంగా, నెయ్యి కారుతూ, కింద ఎర్రగా కరకరలాడుతూ ఉంటుంది. ఆగి తినాల్సిందే. ఎర్రకారం దోసెను మించిందని మాత్రం నాతో అనిపించలేరు.

రోజు మొత్తంలో విసిగించింది బెంగళూరే. హోస్కోట నుంచి మైసూరు రోడ్డు ఎక్కేసరికి ఓపిక సగమైంది. ఆదివారమైతే కాస్త నయం. ఎక్స్‌ప్రెస్‌వే బాగుంది, టోలు బరువే. కారుకు గంటకు 100 దాటితే కెమెరా పట్టేస్తుంది. తిండికీ బాత్రూముకూ సర్వీసు రోడ్డుకు దిగాల్సిందే. పెద్దవాళ్ళు, షుగరున్నవాళ్ళు ఉంటే మద్దూరు దగ్గర దిగండి, వడ కూడా తిన్నట్టవుతుంది.

మైసూరు దాటాక నంజనగూడు, గుండ్లుపేట. వానాకాలమైతే రోడ్డుకు రెండు పక్కలా బంతి, పొద్దుతిరుగుడు. ఫోటోలకు ఇక్కడే ఆగండి, అడవిలోకి వెళ్ళాక బండి ఆపకూడదు, దిగకూడదు.

బస విషయంలో నా ఓటు అడవి చెక్‌పోస్టు గేటుకు ఇవతలి రూములకే. అద్దె తక్కువ, సాయంత్రం ఆలస్యమైనా గేటు భయం లేదు. సఫారీకి బస్సు చవక గానీ, కిటికీ సీటు దొరక్కపోతే కనిపించేది ముందువాళ్ళ తలకాయలే. పిల్లలుంటే జీపుకే డబ్బు పెట్టండి, ముందుగానే బుక్ చేసుకుని.