రాములమ్మ దారి, రోజా దారి: ఏది మేలు?

మా తమ్ముడి కూతురు యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల్లో చేస్తుంది. అత్తాకోడళ్ల పంచాయితీలు, పొలం గట్ల తగాదాలు, అన్నీ మన ఊరి మాటలోనే. నర్సంపేట బస్టాండులో దిగితే మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఆపి సెల్ఫీ అడుగుతారు. ఈసారి వాళ్ల ఊరి సర్పంచ్ స్థానం మహిళలకు వచ్చింది. ఊరివాళ్లు నిలబడమన్నారు. అదే వారం ఒక పార్టీ మనిషి ఇంటికొచ్చి, ఊరి ఎన్నికలతో ఏమొస్తది, జిల్లా అంతా తిరిగి ప్రచారం చెయ్యి, పెద్ద పదవే వస్తది అని చెప్పి పోయాడట. రాత్రి పదింటికి నాకు ఫోన్. "అత్తమ్మా, ఒకటే టెన్షన్ అయితాంది. ఏది మేలో నువ్వే చెప్పు."

ఫోన్‌లో రెండు ముక్కలే చెప్పగలిగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న నాకు 1997 నుంచి ఉంది.

ఆ ఏడాది 'ఒసేయ్ రాములమ్మ' వచ్చింది. హన్మకొండలో మా వాడకట్టు ఆడవాళ్లందరితో కలిసి మా అమ్మ నన్నూ తీసుకుపోయింది. అప్పటిదాకా సినిమాల్లో మన తెలంగాణ మాట వినపడిందంటే అది విలన్ నోట్లోనో, నవ్వించే పాత్ర నోట్లోనో. దొర చేతిలో చెడి, తిరగబడి, తుపాకీ పట్టిన ఒక ఆడమనిషి నిండు కథానాయికగా మన మాట మాట్లాడటం అదే మొదటిసారి చూశాం మేము. మా పక్కింటి ముసలామె సినిమా అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదు. దొరల గడీలో వెట్టి చేసిన ఇంటి మనిషి ఆమె. విజయశాంతి ఆ రోజు నుంచి మాకు సినిమా తార కాదు, రాములమ్మ. ఆమె పూర్వీకులది ఏటూరునాగారం దగ్గరి రామన్నగూడెం అని మా వైపు చెప్పుకుంటారు. అందుకని ఆమె మా ఇంటి ఆడబిడ్డ అనే మమకారం ఇంకొంచెం ఎక్కువ.

అంతకుముందే ఆమెకు పేరుంది. 1980లో తెరకు వచ్చారు. టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' 1985లో, పోలీసు అధికారిగా చేసిన 'కర్తవ్యం' 1990లో వచ్చాయి. 'కర్తవ్యం'కు జాతీయ ఉత్తమ నటి అవార్డు. మగ హీరో లేకుండా సినిమా ఆడుతుందని మార్కెట్ నమ్మిన నటి ఆమె. 1998లో బీజేపీలో చేరారు. తెలంగాణ కోసమని 2005లో బయటికొచ్చి తల్లి తెలంగాణ పార్టీ పెట్టారు. 2009 మొదట్లో దాన్ని టీఆర్‌ఎస్‌లో కలిపేశారు.

ఆ 2009 ఎన్నికలు గుర్తున్నవాళ్లకు తెలుసు, టీఆర్‌ఎస్‌కు ఎంత గడ్డుకాలమో. టీడీపీతో కలిసిన మహాకూటమిలో ఉండి కూడా పది అసెంబ్లీ సీట్లు, రెండు లోక్‌సభ సీట్లే దక్కాయి. ఆ రెండింటిలో ఒకటి కేసీఆర్ గెలిచిన మహబూబ్‌నగర్, రెండోది విజయశాంతి గెలిచిన మెదక్. తేడా ఆరు వేల చిల్లర ఓట్లు. 1980లో ఇందిరాగాంధీ గెలిచిన స్థానం అది. ఉద్యమం చల్లబడిందని అందరూ అంటున్న రోజుల్లో ఢిల్లీలో తెలంగాణ మాట వినిపించడానికి ఇద్దరే మిగిలితే, అందులో ఒకరు ఆమె. దీన్ని మనం మరిచిపోకూడదు.

మరి ఆ తర్వాత? 2013లో పార్టీ సస్పెండ్ చేసింది. 2014లో కాంగ్రెస్ తరఫున మెదక్ అసెంబ్లీకి నిలబడి ఓడిపోయారు. 2020లో మళ్లీ బీజేపీ, 2023లో మళ్లీ కాంగ్రెస్, 2025లో ఎమ్మెల్సీ. ఇన్ని మలుపుల్లో ఆమె తెలంగాణ మాట వదల్లేదు, నిజమే. కానీ 2014లో ఓడాక మెదక్‌లో మళ్లీ నిలబడలేదు. మా వరంగల్ వైపు వచ్చీ నిలబడలేదు. ఉద్యమం నడిచినన్నాళ్లూ పది జిల్లాలూ ఆమెవే. రాష్ట్రం వచ్చిన మర్నాడు 'మా అమ్మ' అని అడ్డం నిలబడే ఒక్క మండలం లేదు. ఇది నాకు కోపం కాదు, బాధ. మా దగ్గరికి వచ్చి ఐదేళ్లు కూర్చుని ఉంటే మేము ఆమెను ఓడనిచ్చేవాళ్లం కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రోజా దారి వేరు. ఆమె రాజకీయం, ఆమె మాట తీరు నచ్చనివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నేను చూసేది ఆమె నిలబడిన నగరిని. 2004లో టీడీపీ తరఫున అక్కడ ఓడారు. 2009లో చంద్రగిరికి మారి అక్కడా ఓడారు. మొహం ఎంత తెలిసినా ఓటు రాదని రెండుసార్లు అర్థమైంది. పార్టీ మారి మళ్లీ నగరికే వచ్చారు. తమిళనాడు సరిహద్దు అది, తమిళం మాట్లాడే ఇళ్లు ఎక్కువ. తమిళ సినిమాలు చేసిన ఆమెకు, భర్త కూడా తమిళ దర్శకుడే కాబట్టి, ఆ ఇళ్లలో మాట కలిసింది. 2014లో 858 ఓట్లతో గెలిచారు. 2019లో 2,708తో. 2022లో మంత్రి అయ్యారు. 2024లో ఓడిపోయారు.

ఈ అంకెలు చూస్తే ఊరు పట్టుకోవడం అంత లాభమా అనిపించవచ్చు. 858 ఓట్లంటే మా వైపు ఒక చిన్న పల్లె. కానీ ఆ ఒక్క పల్లె అంత ఓటు పార్టీ అధినేత ఇచ్చింది కాదు, ఆమె తిరిగి సంపాదించుకున్నది అని నేను నమ్ముతాను. 2024లో ఓడినా ఆమె పేరు చెబితే నగరి గుర్తొస్తుంది. విజయశాంతి పేరు చెబితే సినిమా గుర్తొస్తుంది. తేడా అక్కడే ఉంది.

జయప్రద దారి గురించి ఎక్కువ చెప్పను. 1996లో టీడీపీ రాజ్యసభకు పంపింది. ఆ తర్వాత సమాజ్‌వాదీ పార్టీ నుంచి ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో 2004, 2009లో గెలిచారు. రాజమండ్రి అమ్మాయి అంత దూరంలో రెండుసార్లు గెలవడం చిన్న విషయం కాదు. కానీ 2010లో ఆ పార్టీ పంపించేశాక మళ్లీ లోక్‌సభ మెట్లెక్కలేకపోయారు. బిజ్నోర్‌లో ఓడారు, 2019లో రాంపూర్‌లోనే ఓడారు. పెద్దమనిషి నీడలో దొరికిన చోటు ఆ నీడ ఉన్నంతవరకే. జయలలిత అంటారా, ఆమెది మొత్తం పార్టీనే చేతిలోకి తీసుకున్న దారి. 1996లో ముఖ్యమంత్రిగా ఉండి బర్గూర్‌లో ఓడి, 2001లో మళ్లీ పీఠమెక్కడం అందరికీ అయ్యే పని కాదు. ఆమెను చూసి మా మేనకోడలికి చెప్పేదేమీ లేదు.

చెప్పాలంటే ములుగును చూపిస్తాను. సీతక్క సినిమా మనిషి కాదు. కానీ తెర మీద విజయశాంతి చేసిన బతుకును అడవిలో నిజంగా బతికి వచ్చిన మనిషి. నక్సల్ దళం వదిలి, లా చదివి, ములుగులో 2004లో ఓడి, 2009లో గెలిచి, 2014లో ఓడి, 2018లో, 2023లో గెలిచారు. పార్టీ ఆమె కూడా మారారు, టీడీపీ నుంచి కాంగ్రెస్‌కు. ములుగును మాత్రం మార్చలేదు. 2020 లాక్‌డౌన్‌లో బియ్యం మూటలు మోసుకుంటూ వాగులు దాటి గూడేలకు నడిచారు. అందుకే పార్టీ మారినా, ఓడినా ములుగువాళ్లకు ఆమె సీతక్కే. మా వైపు ఈ మాట ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లకు నేనే ఫోన్ చేశాను. సర్పంచ్‌గా నిలబడు, జిల్లా ప్రచారం వద్దు అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు. గెలిచినా ఓడినా అది నీ పేరు మీదే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. అంటే పడనివాళ్లతో కూడా కూర్చుని పని చేయించుకోవడం నేర్చుకుంటావు. బండెక్కి మైకు పట్టుకున్నంత మాత్రాన ఇది రాదు. రేపు 33 శాతం మహిళా రిజర్వేషన్ అసెంబ్లీకి వస్తే పార్టీలు తెలిసిన మొహాల కోసం మళ్లీ వెతుకుతాయి. అప్పుడు నీ దగ్గర మొహంతో పాటు ఊరు కూడా ఉండాలి.

ఇందులో కష్టం కూడా దాచలేదు. షూటింగులు తగ్గుతాయి, ఆ డబ్బు తగ్గుతుంది. వీడియో కింద పొగిడినవాళ్లే మోరీ తీయలేదని ఇంటి ముందుకొచ్చి తిడతారు. జిల్లా ప్రచారంలో ఈ తిట్లుండవు. కారు, శాలువాలు, చప్పట్లు ఉంటాయి. ఆ వయసులో నాకైనా అదే బాగుండేది.

"ఓడిపోతే అత్తమ్మా?"

"ఓడినా ఆ ఊర్లనే ఉంటవు గదా బిడ్డా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఎస్సీ వాడలో ఎండాకాలం నల్లా రాదు, ముందు అక్కడికే పోవాలె, నువ్వు కూడా వస్తవా అని అడిగింది. ఆదివారం పొద్దున ఏడింటి బస్సుకు పోతున్నాను.