కొండాపూర్ ప్రైవేట్ థియేటర్‌లో తెల్లగుర్రం కొడుకు

బర్త్‌డే పార్టీలకి గంటల లెక్కన అద్దెకిచ్చే గది ఇది. బుక్ చేస్తుంటే "బెలూన్లా సార్, ఫాగ్ ఎంట్రీనా?" అని అడిగారు. ఏమీ వద్దు, నా ప్లేయర్ తెచ్చుకుంటా, హెచ్‌డీఎంఐ వైరు ఇస్తే చాలన్నాను. కుర్రాడు అనుమానంగా చూశాడు గానీ ఒప్పుకున్నాడు.

వెళ్లినవాళ్లమంతా టూడీ యానిమేషన్ పనిచేసేవాళ్లమే. వేసుకున్నది హంగేరీ దర్శకుడు మార్సెల్ యాంకొవిచ్ సినిమాలు. 1960లో బుడాపెస్ట్ పన్నోనియా స్టూడియోలో చేరి, 1973లో ఆ దేశానికి మొట్టమొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా 'యానోష్ విటేజ్' తీశాడాయన. మధ్యలో 1968లో మన ఎయిరిండియాకీ ఓ ప్రకటన చిత్రం చేసిపెట్టాడు!

ముందు 'సిసిఫస్' (1974) పెట్టాం. రెండు నిమిషాల సినిమా. తెల్ల తెర, నల్ల కుంచె గీతలు, కొండెక్కించాల్సిన బండ, మనిషి మూలుగులు, అంతే. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. థియేటర్ బండారం ఇక్కడే బయటపడింది. బండ బరువు పెరిగేకొద్దీ గీత లావెక్కి వణకాలి. ఇక్కడేమో నూనె రాసినట్టు జారిపోతోంది. ప్రొజెక్టర్‌లో మోషన్ స్మూతింగ్ ఆన్ చేసుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య లేని బొమ్మల్ని అదే పుట్టించేస్తుంది. గీసినవాడు కావాలని వదిలేసిన ఖాళీని పూడ్చమని దాన్నెవరడిగారు? రిమోట్ వెతకడానికే బోలెడు టైమ్ పట్టింది. అది ఆపించి, రంగుల్ని మరీ గాఢం చేసే 'వివిడ్' మోడ్ తీయించి 'సినిమా' మోడ్ పెట్టించాక గానీ కూర్చోలేదు.

ఆ తర్వాత 'ఫెహేర్‌లోఫియా' (1981), అంటే తెల్లగుర్రం కొడుకు. ఏడు సముద్రాల అవతలి కథలు విని పెరిగినవాళ్లకి కథ కొత్తేం కాదు. చూడాల్సింది రంగులు. బొమ్మలకి నల్ల అవుట్‌లైనే ఉండదు, రంగూ రంగూ తగిలేచోటే అంచు. మూడు తలల రాక్షసుడు రాతిముద్ద, ఏడు తలలవాడు యుద్ధ ట్యాంకు, పన్నెండు తలలవాడు ఏకంగా ఆకాశహర్మ్యాల నగరం. సెట్టింగ్ సరిచేశాక ఎరుపు పక్కన నీలం ఎక్కడా చిట్లలేదు. సబ్‌ఊఫర్ కూడా భేషుగ్గా ఉంది, ఆ ఎలక్ట్రానిక్ సంగీతానికి సీటు అదిరింది. పక్క గదిలోంచి 'హ్యాపీ బర్త్‌డే' మాత్రం గోడ దాటి వస్తూనే ఉంది. సమోసాలు చల్లారిపోయాయి, వదిలేయండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. లోపలికి వెళ్లగానే రిమోట్ అడిగి తీసుకోండి. ఈసారి ఆయన 1988లో మొదలెట్టి 2011లో పూర్తిచేసిన 'మనిషి విషాదం' చూడాలనుంది. అదేమో 160 నిమిషాలు. స్లాటు మూడు గంటలే, సెట్టింగులు సరిచేయించే టైమ్ కలిపితే చాలకపోవచ్చు, అదనపు గంటకి వీళ్లు చెప్పే రేటు మాత్రం ఎక్కువే.