52 ఆదివారాల ప్రసంగాల పీడీఎఫ్ కొనేవాళ్లకు హెచ్చరిక

హైదరాబాద్, సికింద్రాబాద్ క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో "ఆదివారపు పాఠాల ప్రకారం ఏడాదంతటికీ 52 ప్రసంగాలు, అన్ని సంఘాలకూ పనికొస్తాయి" అంటూ ఒక పీడీఎఫ్ తిరుగుతోంది. డబ్బు ముందే యూపీఐలో పంపాలి, వాపసు లేదు. పాస్టరుగార్లూ, వంతు ప్రకారం వాక్యం చెప్పే పెద్దలూ దయచేసి కొనకండి.

"అన్ని సంఘాలకూ" అన్న మాటే తప్పు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆల్మనాక్‌లో, అంటే ఏటి ఆరాధనల పంచాంగంలో, ప్రతి ఆదివారానికీ ఒక అంశం, దానికి తగిన పాఠాలు (ఆరాధనలో చదివే బైబిల్ భాగాలు) ఉంటాయి. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు వాడే పాఠాల పట్టిక రివైజ్డ్ కామన్ లెక్షనరీది మూడేళ్ల చక్రం: 'ఎ' సంవత్సరం మత్తయి, 'బి' మార్కు, 'సి' లూకా. కతోలికులదీ మూడేళ్లే గానీ అందులో సీరా గ్రంథం వంటివి వస్తాయి, మన పాత అనువాదపు బైబిల్లో అవి ఉండవు. ఈ ఫైల్లో మూడూ కలగాపులగం.

అసలు మోసం తేదీల్లో ఉంది. ఇది 2020 నాటి సరుకు, పైన 2026 అని మార్చారు. రెండూ 'ఎ' సంవత్సరాలే కాబట్టి చూడగానే పట్టుబడదు. పెంతెకొస్తు తర్వాత ఐదో ఆదివారం 2020లో జూలై 5, 2026లో జూన్ 28. లెక్షనరీ ఆ కాలంలో పాఠాలిచ్చేది ఎన్నో ఆదివారమని చూసి కాదు, తేదీని చూసి. జూన్ 26 నుంచి జూలై 2 లోపు వచ్చే ఆదివారానికి మత్తయి 10:40-42; ఐదో ఆదివారమని ఫైల్లో అలాగే ఉంచేసింది ఆ తర్వాతి వారానిది, మత్తయి 11. ఇలాగే ఆ కాలపు ప్రసంగాలు ఒక వారం ముందుకు జరిగిపోయాయి. క్రీస్తు రాజు పండుగ ప్రసంగం నవంబర్ 15కే వచ్చేస్తుంది, అసలు పండుగైన 22కి చేతిలో ఏమీ మిగలదు.

కీర్తనలూ అంతే. పెంతెకొస్తు తర్వాత పాత నిబంధన పాఠానికి రెండు వరుసలుంటాయి, కీర్తన ఆ పాఠానికి జవాబుగా వస్తుంది. జూన్ 28న ఆదికాండము 22 తీసుకుంటే 13వ కీర్తన, యిర్మీయా 28 తీసుకుంటే 89వ కీర్తన. ఫైల్లో ఆ ఆదికాండము 22 పక్కన 89 పెట్టారు.

తెలుగు సంగతి చెప్పనక్కర్లేదు. యోబు 19:25 కాస్తా "ఉద్యోగం 19:25" అయింది. "సైన్యములకధిపతియగు యెహోవా" ఉండాల్సిన చోట "అతిథేయుల ప్రభువు", శ్రమల ఆదివారానికి "క్రీస్తు అభిరుచి". Job, hosts, Passion అన్న మాటల్ని ఇంగ్లీషు నుంచి యంత్రం తిప్పింది, మనిషి ఒక్కసారైనా చదివినట్టు లేదు. కొన్ని పేజీలు 'అను' ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాల్లో) ఉన్నాయి; కాపీ చేసి ఫోన్లో అతికిస్తే గజిబిజి అక్షరాలొస్తాయి, దిద్దుకోవడం కుదరదు.

ఇలాంటిది ఎవరు అమ్మినా ముందు నమూనా అడగండి. క్రిస్మస్‌దో ఈస్టర్‌దో పంపుతామంటే వద్దనండి: వాటి పాఠాలు ఏటా దాదాపు అవే, ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లోంచి ఒక ఆదివారం మీరే ఎంచి అడగండి. నాలుగు పాఠాలూ మీ సంఘం ఆల్మనాక్‌తో, ఉదహరించిన వచనాలు మీ బైబిల్‌తో అక్షరం అక్షరం పోల్చండి. పది నిమిషాల పని.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాటూ, యూపీఐ రిఫరెన్స్ నంబరూ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. గ్రూపులో ఆ ప్రకటన చెరిపేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి.