బుడుగా, చందమామ కథలా, రైలుబడా: ఇంట్లో పైకి చదవడానికి ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మా బంధువుల్లోనూ స్నేహితుల్లోనూ కనీసం నలుగురైనా ఒకే ప్రశ్న అడుగుతారు: "పిల్లలకు ఒక తెలుగు పుస్తకం కొందామనుకుంటున్నాం, ఏది కొనమంటారు?" ఆ వెంటనే కొంచెం గొంతు తగ్గించి, "మాకూ ఏదైనా చెప్పండి, చదవడం మానేసి చాలా ఏళ్ళయింది" అంటారు. ఇన్నాళ్ళూ ఈ రెండు ప్రశ్నలకూ రెండు వేర్వేరు జాబితాలు చెబుతూ వచ్చాను. కిందటి వేసవిలో తొమ్మిదేళ్ళ మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి నలభై రోజులు మా ఇంట్లో ఉన్న తరువాత ఆ జాబితాలను పక్కన పెట్టి, అన్ని పుస్తకాలనూ ఒకే కొలతతో చూడడం మొదలుపెట్టాను. రాత్రి భోజనాలయ్యాక ఒకరు పుస్తకాన్ని పైకి చదువుతూ ఉంటే, వినే పిల్లలూ చదివే పెద్దలూ విసుగు లేకుండా ఓ అరగంట కూర్చోగలరా అన్నదే ఆ కొలత.

దీనికి కారణం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఇంగ్లీషులో చదువుకునే పిల్లలకు చెవికి తెలిసిన తెలుగు వేరు, కంటికి తెలిసిన తెలుగు వేరు. మా మనవరాలు వీధిలో పెద్దవాళ్ళ మాటలన్నీ అర్థం చేసుకుని మధ్యలో అందుకుంటుంది గానీ, అచ్చులో ఒక వత్తు కనిపిస్తే ఆగిపోతుంది, వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతుంది. ఆమె చదవగలిగిన పుస్తకం ఇస్తే కథ మరీ చంటిపిల్లలదిగా ఉందని మూతి ముడుస్తుంది, ఆమెకు తగిన కథ ఇస్తే చదవలేక వదిలేస్తుంది. ఈ ఎడాన్ని పూడ్చడానికి పెద్దవాళ్ళ గొంతు తప్ప మరో సాధనం నాకు కనిపించలేదు.

చందమామ కథలను తీసుకుందాం. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రిక, 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు చేతుల మీదుగా నడిచిన కాలంలో, తెలుగు వచనాన్ని ఎంత తేటగా రాయవచ్చో నెలనెలా చూపించింది. ఒక్క మాట ఎక్కువ ఉండదు, ఒక్క వాక్యం కాలికి అడ్డం పడదు. అక్షరాలు కొంచెం కుదిరి, సొంతంగా చదువుకోవాలని ఉబలాటపడే పిల్లలకు దానికి మించినది లేదని ఇప్పటికీ అంటాను. అయితే పైకి చదివినప్పుడు ఆ తేటదనమే లోటుగా మారుతుంది. రాజు, దొంగ, పేదరాశి పెద్దమ్మ అందరూ ఒకే భాష మాట్లాడతారు కాబట్టి నాలుగో కథకు వచ్చేసరికి చదివేవారి గొంతు జోలపాటలాగా అయిపోతుంది. మా ఇంట్లో పిల్ల కంటే ముందు నేనే కునికాను. బేతాళ కథలు మాత్రం దీనికి మినహాయింపు. బేతాళుడు ప్రశ్న వేయగానే పుస్తకం మూసి, విక్రమార్కుడు నోరు విప్పేలోగా పిల్లల్ని జవాబు చెప్పమంటే, కథ కంటే ఆ వాదనే రసవత్తరంగా సాగుతుంది.

ఇక బుడుగు. 1956లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో మొదలైన ముళ్ళపూడి వెంకటరమణ, బాపుల ఈ పుస్తకాన్ని పిల్లల పుస్తకమనే అందరూ కొంటారు, పిల్లల చేతికే ఇస్తారు. నేనూ అదే చేశాను. మర్నాడు పొద్దున చూస్తే మా మనవరాలు పెన్సిలు పుచ్చుకుని రెండు పేజీల నిండా గీతలు గీసి ఉంది. "తాతయ్యా, ఇందులో అన్నీ స్పెల్లింగు తప్పులే" అని ఫిర్యాదు చేసి, 'ముగుడు' అన్నచోటల్లా కష్టపడి 'ము'ను 'మొ'గా దిద్దడం చూపించింది. ఆమె తప్పేమీ లేదు. అప్పుడప్పుడే అక్షరాలు కుదురుతున్న కంటికి, కావాలని వంకర చేసిన మాటకూ అచ్చుతప్పుకూ తేడా తెలియదు. బడిలో దిద్దించే మాటనే ఇక్కడ తప్పుగా రాసి నవ్వమంటే ఎలా నవ్వుతుంది?

ఆ రాత్రి అదే పేజీని నేను పైకి చదివాను. చెవికి తగిలేసరికి ఆ మాటలన్నీ ఒక పిల్లవాడి నోటి మాటలైపోయాయి, ఆమెకు దిద్దవలసిన అవసరమే కనిపించలేదు. బుడుగు వచనంలోని కిటుకు ఇదేనని నాకు అనిపిస్తుంది. అది రాసినది కాదు, చెప్పినది. చదివేవారు నటించనక్కరలేదు, గొంతు మార్చనక్కరలేదు, వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకోమంటే అక్కడ తీసుకుంటే చాలు, అల్లరి దానంతట అదే వస్తుంది. 'జాటర్ ఢమాల్' వంటి మాటకు అర్థం అడగకుండానే పిల్లలు నవ్వుతారు. బుడుగు స్నేహితురాలు 'సీగానపెసూనాంబ' పేరు దగ్గర పిల్ల ఆ శబ్దానికి నవ్వితే, దాని వెనక శ్రీకాళహస్తి అమ్మవారి నిండు పేరు నలిగిపోయి ఉండడం తెలిసిన మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. బుడుగు బాబాయికీ రెండుజెళ్ళ సీతకూ మధ్య నడిచే వ్యవహారం పిల్లలకు ఒక కథ, పెద్దలకు మరొక కథ. ఒకే వాక్యానికి ఇద్దరూ వేర్వేరు కారణాలతో నవ్వడమే ఇంటిల్లిపాదికీ పనికివచ్చే పుస్తకానికి గుర్తని నేననుకుంటాను. ఆ కాలపు ఇల్లూ వీధీ ఇప్పటి పిల్లలకు తెలియవన్న మాట నిజమే గానీ, జట్కా అంటే ఏమిటని అడిగితే పది నిమిషాలు మన చిన్నతనం గురించి చెప్పుకునే అవకాశం దొరుకుతుంది, అది నష్టమేమీ కాదు.

మూడవది రైలుబడి. జపాను రచయిత్రి తెత్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ఈ పుస్తకం జపానులో 1981లో వెలువడింది. మొదటి బడిలో బల్ల మూత పదేపదే తీస్తూ మూస్తూ, కిటికీలోంచి వీధి సంగీతం వాళ్ళను పిలుస్తూ ఉన్నందుకు పంపించివేసిన పిల్లను, పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా ఉన్న తొమోయె బడిలో చేర్చుకునే ముందు ప్రధానోపాధ్యాయుడు కొబయాషి నాలుగు గంటలసేపు ఆమె కబుర్లు వింటాడు. తన చిన్న సంచీ మరుగుదొడ్డి గుంటలో పడిపోతే ఆ పిల్ల గరిటె లాంటిది తెచ్చి అంతా బయటికి తోడుతూ ఉంటుంది. అటుగా వెళ్తున్న ఆయన తిట్టకుండా, పని అయ్యాక అంతా మళ్ళీ లోపల వేస్తావు కదా అని మాత్రం అడిగి వెళ్ళిపోతాడు. ఈ ఘట్టం చదివినప్పుడు పిల్ల పడీపడీ నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. మా అమ్మాయి చిన్నప్పుడు ఇటువంటి సందర్భంలో నేనేం చేసి ఉండేవాడినో గుర్తుకు వచ్చింది. అందువల్లనే రైలుబడిని పిల్లల కంటే ముందు తల్లిదండ్రులు, వీలైతే ఉపాధ్యాయులు, ఒంటరిగా కూర్చుని చదవాలంటాను. పైకి చదవడానికి అనువుగానే ఉంటుంది, ప్రకరణాలు చిన్నవి. అనువాదం కాబట్టి బుడుగులాగా నాలుక మీద ఆడదు, అంతే.

పంచతంత్ర కథలు ఎలాగూ ప్రతి ఇంట్లో ఏదో ఒక రూపంలో ఉంటాయి, ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. పాత సోవియట్ అనువాదాలు దొరికితే వదలకండి. బొమ్మలతో నిండిన కామిక్సు ప్రయాణాల్లో పనికివస్తాయి.

పెద్దల ప్రశ్నకు వస్తే, చదవడం మానేసి పదేళ్ళయిన వారికి చాలామంది 'చివరకు మిగిలేది' గానీ 'అసమర్థుని జీవయాత్ర' గానీ సూచిస్తారు. రెండూ గొప్ప నవలలే. కానీ ఆపీసు నుంచి అలిసి వచ్చిన మనిషి 'చివరకు మిగిలేది' కథానాయకుడు దయానిధి మనసులోని చిక్కులను ముప్పై పేజీలు విప్పి, నాలుగు రోజుల తరువాత మళ్ళీ అందుకోవడం కష్టం, పుస్తకం దిండు పక్కనే ఉండిపోతుంది. నేను సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' వైపే మొగ్గుతాను. 1975 నుంచి 1977 వరకు ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన ఈ నూరు కథల్లో ఏదైనా పది పదిహేను నిమిషాల్లో పూర్తవుతుంది, ఏ కథ నుంచైనా మొదలుపెట్టవచ్చు, ఒక్కటి చదివి మూసినా పని పూర్తయిన తృప్తి ఉంటుంది. ఇక్కడా నా కొలత అదే. ఈ వాక్యాలు పైకి చదివితే మరింత బాగుంటాయి. యాస విషయం కూడా చూసుకోవాలి. చిత్తూరు వైపు వారికి నామిని 'పచ్చనాకు సాక్షిగా', నెల్లూరు వైపు వారికి ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇంకా ముందు చెబుతాను. ఎందుకంటే తమ ఇంటి మాట అచ్చులో కనిపిస్తే మానేసిన అలవాటు తొందరగా తిరిగి వస్తుంది. గోదావరి వాడినైన నేను నామినిని పైకి చదివితే మా మనవరాలికే కాదు, నాకూ ఎబ్బెట్టుగా వినిపించింది, ఆ పుస్తకాన్ని మౌనంగానే ఇష్టపడతాను.

పిల్లను తీసుకువెళ్ళడానికి వచ్చిన మా అల్లుడు రైలులో కాలక్షేపానికని 'అమరావతి కథలు' పట్టుకెళ్ళాడు. ఇంటర్మీడియట్ తరువాత ఒక్క తెలుగు పుస్తకం ముట్టనివాడు. నెల తిరిగాక ఫోను చేసి, "మావయ్యగారూ, నలభై దాటాను, ఇప్పుడు రోజుకొకటి అమ్మాయికి చదువుతున్నాను. మొదటి కథ 'వరద' అవగానే, వరదలో ఒకటైన ఊరివాళ్ళు నీళ్ళు తీశాక మళ్ళీ ఎందుకు మారిపోయారని అడిగింది, ఏం చెప్పమంటారు?" అన్నాడు.