తడోబా సఫారీ: గైడ్‌కి ఐదు స్టార్లు, మాకు రెండు

ముందే చెప్పేస్తున్నా, పులి కనపడింది. ఒక్క నిమిషం కూడా లేదు, అదీ మా నిర్వాకం వల్లే.

జనవరిలో ఆసిఫాబాద్, బల్లార్షా మీదుగా కారులో మహారాష్ట్రలోని చంద్రపూర్ వెళ్లి, తడోబా పులుల అభయారణ్యం కోర్‌లో, అంటే అడవి లోపలి భాగంలో, ఉదయం సఫారీ చేశాం. మేం ఆరుగురం, డ్రైవరు, గైడు, టాప్ లేని జిప్సీ. కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మా బావకి అక్కడే మూడ్ పోయింది, "రీల్ లేకపోతే వచ్చామని ఎవరు నమ్ముతారు" అని అరగంట సణిగాడు. నేనైతే ఆ రూల్ పెట్టినవాళ్లకి దండం పెడతా, చేతిలో ఫోన్ లేకపోయేసరికి మా పిల్లలు ఏకంగా చెట్ల వైపు చూశారు మరి.

గైడు ఆ ఊరి కుర్రాడే, పాతికేళ్లుంటాయేమో. ఎక్కగానే పులి ఊసే ఎత్తలేదు. నిలబడొద్దు, చెయ్యి బయట పెట్టొద్దు, దిగడం అసలే కుదరదు, ఏదైనా కనపడితే అరవకుండా నా భుజం తట్టండి, అన్నాడు హిందీలో. అందరం బుద్ధిగా తలలూపాం. తలలూపడానికేం, డబ్బులు పోవు కదా.

పావుగంటకే చిప్స్ ప్యాకెట్ బయటికొచ్చింది. ఇంట్లో వినపడని ఆ కరకర అక్కడ బండెడు చప్పుడు. ఖాళీ కవరు గాలికి ఎగిరి వెదురు పొద మొదట్లో పడింది. డ్రైవరు ఏమీ అనకుండా రివర్స్ చేశాడు, గైడు పక్కకి వంగి, సీటు కింద నుంచి ఒక వంకీ కర్ర తీసి కవరు లాగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కర్ర రెడీగా ఉందంటే ఈ ఘనకార్యం చేసింది మేం ఒక్కళ్లమే కాదన్నమాట. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

తర్వాత ఇంజను ఆపించాడు. పైన కొండముచ్చు దగ్గుతున్నట్టు కూత, కాసేపటికి లోపలెక్కడో కణితి (సాంబార్ జింక) అరుపు, పులి దగ్గర్లో ఉందని హెచ్చరికలన్నమాట. పది నిమిషాలు అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం, నన్నడిగితే సఫారీ మొత్తంలో బెస్ట్ ఆ పది నిమిషాలే. ఆడపులి రోడ్డు మీదికొచ్చింది. మా బావ లేచి నిలబడి "అదిగో అదిగో!" అన్నాడు. అది ఒక్కసారి ఇటు చూసి, వచ్చిన దారినే పొదల్లోకి వెళ్లిపోయింది.

అసలు సిగ్గుపడాల్సింది ఆ తర్వాత. బావ ఐదువందల నోటు తీసి, జిప్సీని చుట్టూ తిప్పి అవతలి వైపు పులికి అడ్డంగా పెట్టమన్నాడు. గైడు వద్దన్నాడు. 2024 డిసెంబరు 31న నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్-కర్హాండ్లా అభయారణ్యంలో ఇలాగే ఒక తల్లిపులినీ, ఐదు పిల్లల్నీ సఫారీ బళ్లు చుట్టుముట్టాయి, వీడియో బయటికొచ్చాక బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ తనంతట తానే కేసు తీసుకుంది, డ్రైవర్ల మీదా గైడ్ల మీదా వేటు పడింది. నోటిచ్చి ఆశపెట్టేది మనం, పని పోయేది వాళ్లకి. బావకి ఈ సంగతి గైడే చెప్పాడు, గొంతు పెంచకుండా.

గేటు దగ్గర దిగాక ఆ ఐదువందలే టిప్పుగా ఇచ్చాడు బావ. కుర్రాడు నవ్వుతూ తీసుకుని, జేబులోంచి చిప్స్ కవరు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. మంగళవారం సెలవు, జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ తెరవరు. బుకింగ్‌లో ఇచ్చిన ఐడీ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. చలికాలమైతే దుప్పటి తీసుకెళ్లండి, తెల్లారుజామున జిప్సీలో వేళ్లు కొంకర్లు పోతాయి. సెంటు కొట్టుకోకండి. చిప్స్ రూమ్‌లోనే తినేసి రండి.