ఆ ప్లస్ గుర్తు కోసమే: ఒక నోట్స్ యాప్‌తో నాలుగేళ్ళు

నోట్స్ యాప్ మీద సమీక్ష అంటే ఫోల్డర్లు, రంగులు, ట్యాగులు, తాళాలు అన్నీ వరసగా చెప్పుకురావాలి కాబోలు. అవి ఇప్పుడు ఏ యాప్‌లో చూసినా ఉన్నాయి. నాలుగేళ్ళలో నేను వాటి జోలికి పోయిందీ తక్కువే. ఈ యాప్‌ని నేను పట్టుకుని వేలాడుతున్నది ఒక్క ప్లస్ గుర్తు కోసం. హోమ్ స్క్రీన్ మీద బొటనవేలికి అందే మూలన పెట్టుకున్నాను. నొక్కితే సగం తెరలో ఖాళీ కాగితం, దాని కింద కీబోర్డు, అంతే. అసలు యాప్ తెరుచుకోదు, పాత నోట్లు కనపడవు, ఎక్కడ దాచమంటావని అడగదు. నాలుగు ముక్కలు రాసి వెనక్కి నొక్కితే దాచేసుకుని మాయమైపోతుంది.

ఇదీ ఒక గొప్పేనా అనిపించొచ్చు. నా సంగతి ఏమిటంటే, పగలంతా ఉద్యోగం, తీరిక దొరికినప్పుడు చిన్న కథలు. కథకి పనికొచ్చే ముక్క ఏదీ బల్ల ముందు కూర్చున్నప్పుడు రాదు. అంతకుముందు వాడిన యాప్ తెరవగానే నిన్న రాసిన నోటు ఎదురయ్యేది. అందులో ఒక తప్పు కనపడేది, దిద్దేవాణ్ణి. దిద్ది కొత్త పేజీ తీసేసరికి రాయాలనుకున్నది కాస్తా ఆవిరి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చానబ్బా అని నిలబడిపోతాం చూడండి, అచ్చం అలాగే. ఆ గుమ్మం సంగతి మీద గేబ్రియల్ రాడ్‌వాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2011లో ప్రయోగాలు ప్రచురించింది. ఒకే గదిలో అంత దూరమూ నడిచినవాళ్ళకన్నా, మధ్యలో గుమ్మం దాటినవాళ్ళు చేతిలో ఉన్నదేమిటో ఎక్కువగా మర్చిపోయారట. ఆ ప్రయోగాల్లో కొన్నిటికి గదులు కంప్యూటర్ తెర మీద గీసినవే. అది చదివాక నాకనిపించింది, యాప్‌లో ఒక్కో తెరా నాకొక గుమ్మమేనని. ప్లస్ గుర్తులో గుమ్మాలు లేవు.

అందుకని మొదటి రెండేళ్ళు ఎవరడిగినా, అడక్కపోయినా, ఈ యాప్ పెట్టుకోండని పోరాను. ఆఫీసులో నలుగురి ఫోన్లలో నేనే వేశాను. ఆ నలుగురికీ ఇప్పుడు చెబుతున్నది కొంచెం వేరే.

పోయినేడు మెట్లు దిగుతుంటే ఫోన్ చేజారింది. నాలుగు మెట్లు దొర్లి బోర్లా పడింది. తెర నల్లగా ఉండిపోయింది, ఛార్జింగ్ పెడితే వేడెక్కడం తప్ప ఉలుకూ పలుకూ లేదు. బాగుచేసే అతను రెండ్రోజులు ఉంచుకుని, బోర్డే పోయింది, లోపలున్నది బయటికి రాదన్నాడు. నిజానికి అప్పటికి నేనేం కంగారు పడలేదు. ఫోటోలు, నంబర్లు అన్నీ ఖాతాలో ఉన్నాయి. నోట్లూ అంతేగదా అనుకున్నాను. ఆ రాత్రి కంప్యూటర్‌లో అదే ఖాతా తెరిచాను. అన్నిటికన్నా పైనున్న నోటు తేదీ చూసి, పేజీ ఇంకా పూర్తిగా రాలేదేమోనని రిఫ్రెష్ కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఎన్నిసార్లు కొట్టినా అదే నోటు. 23 రోజుల కిందటిది.

ఆ 23 రోజుల్లో నేను రాయకుండా ఉన్న రోజు లేదు.

ఎందుకిలా అయిందో తెలియడానికి కొత్త ఫోన్ రావలసి వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు బ్యాటరీ సాయంత్రానికే అయిపోతోందని, సెట్టింగుల్లోకి పోయి ఒక్కో యాప్‌నీ కట్టడి చేశాను. తెరిచి ఉన్నంతసేపే పని చేయాలి, వెనకాల ఏమీ చేయకూడదు అనే వరస. ఫోన్ కదలకుండా పడి ఉన్నప్పుడు యాప్‌లని నిద్రపుచ్చడం ఆండ్రాయిడ్ 6 నుంచే, అంటే 2015 నుంచే ఉంది. కానీ ఆ నిద్రలో మధ్యమధ్య లేచి పని చక్కబెట్టుకునే వీలుంటుంది. నేను ఆ వీలు కూడా లేకుండా చేశాను. కొత్త ఫోన్‌లో అదే కట్టడి మళ్ళీ పెట్టి చూశాను. ప్లస్ నొక్కి 'పరీక్ష' అని రాసి మూసేశాను. కంప్యూటర్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాలేదు. అప్పుడు యాప్‌ని మామూలుగా, పూర్తిగా తెరిచాను. కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది.

అర్థమైందిగా. ఆ సగం తెర కాగితం రాసింది ఫోన్‌లో దాచి, పైకి పంపించే పని వెనకాలకి వదిలేసి, మూడు సెకన్లలో పోతుంది. వెనకాల పనికేమో నేను అడ్డుకట్ట వేశాను. యాప్‌ని ఒక్కసారి పూర్తిగా తెరిస్తే అన్నీ ఎక్కిపోయేవి, కానీ నేను తెరవను. తెరవక్కర్లేకపోవడమే కదా నేను ఊరంతా చాటిన గొప్ప!

కట్టడి పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. అయినా ఒకటి అడుగుతాను. పంపలేకపోయిన సంగతి యాప్‌కి తెలుసు. ఆ నోటు పక్కన ఒక చుక్క పెట్టొచ్చు, 'ఇది ఇంకా ఈ ఫోన్‌లోనే ఉంది' అని ఒక ముక్క అనొచ్చు. 23 రోజులపాటు వెనక్కి నొక్కిన ప్రతిసారీ 'భద్రం' అని చూపించింది. ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు.

పోయినవాటిలో ఒక కథ ముగింపు ఉంది. నాలుగు నెలలుగా తెగని కథ అది. రాత్రి దీపం తీశాక తట్టింది, దుప్పట్లోనే ప్లస్ నొక్కి ఏడెనిమిది వాక్యాలు రాసి నిశ్చింతగా పడుకున్నాను. రాసేశానన్న ధీమాతో తెల్లారి దాని గురించి ఆలోచించనే లేదు. అందుకే ఇప్పుడు గుర్తు లేదు. చివర్లో ఆమె లిఫ్టు ఎక్కి ఏ అంతస్తూ నొక్కకుండా నిలబడుతుంది. ఇదొక్కటే మిగిలింది. ఎందుకు నిలబడుతుందో ఆ వాక్యాల్లో ఉంది. మంచివే గుర్తుంటాయి, పోయినవి పోదగ్గవేలే అని ఓదార్చినవాళ్ళున్నారు. నేనొప్పుకోను. గుర్తున్నవాటిని కాగితం మీద పెట్టుకుంటే ఆరు తేలాయి. అందులో రెండు కరెంటు బిల్లు లాంటి పనుల జాబితాలే.

ఇక్కడ నా పాత మెచ్చుకోలుకి ఇంకో సవరణ కూడా ఉంది. త్వరగా రాయొచ్చు అన్నది ముదిరి, తక్కువ రాయడం అలవాటైంది. ఖాతాలో భద్రంగా ఉన్న పాత నోట్లనే తిరగేశాను. 'గొడుగు మూడోసారి.' 'వాడికి తెలుసు, అందుకే.' 'తాత కళ్ళజోడు, రెండోది.' ఎవరు వాడు, ఏ తాత? రాసిన క్షణంలో అద్దంలా కనపడి ఉంటుంది. ఇప్పుడు కనీసం క్రియ ఉన్న ఒక పూర్తి వాక్యం రాయకుండా మూయకూడదని నియమం పెట్టుకున్నాను. దానికి ఇరవై సెకన్లు పడుతుంది. మూడు సెకన్ల గురించి ఇంత చెప్పి ఇరవైకి ఎక్కానేమిటని అడక్కండి.

నోటితో చెప్పి రాయించడం గురించి ఎక్కువ చెప్పను. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే తెలుగు బాగానే పడుతుంది, పేర్లు మాత్రం నా వల్ల కాలేదు.

వెతుకులాట మాత్రం తెలుగులో రాసేవాళ్ళు తెలుసుకోవలసిన విషయం. యాప్ అక్షరాలని ఉన్నవి ఉన్నట్టు పోలుస్తుంది. నేను 'లిఫ్టులో' అని రాసి, తర్వాత 'లిఫ్ట్' అని వెతికితే దొరకదు. చివర్లో ఒకచోట కొమ్ము, ఒకచోట పొల్లు కదా. 'ఇల్లు' అని వెతికితే 'ఇంట్లో' రాదు. 'కళ్ళు' అంటే 'కళ్లు' రాదు. ఇంకా కంటికి కనపడని పేచీ ఒకటుంది. 'ఫోన్‌లో' అన్నప్పుడు న-కి కింద లావత్తు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడతాయి, కొన్ని పెట్టవు. అది మాట చివర పడితే రెండు మాటలూ చూపుకి ఒకేలా ఉంటాయి, వెతికితే కలవవు. మాటలో మొదటి రెండు మూడు అక్షరాలే, అదీ పొల్లు కొట్టకుండా, 'లిఫ' అన్నట్టు వెతకడం నేర్చుకున్నాక నా బాధ చాలా తగ్గింది. ఇది ఈ ఒక్క యాప్ తప్పని అనను.

ఇంతకీ వాడుతున్నానా అంటే, వాడుతున్నాను. కట్టడి తీసేశాను. బ్యాటరీ ఏమంత తగ్గలేదు, ఏ యాప్‌లనో అనుమానించి దీన్ని శిక్షించాను. రాత్రి పడుకునేముందు యాప్‌ని ఒకసారి పూర్తిగా తెరిచి, నోట్లన్నీ పైకి ఎక్కేదాకా చూస్తాను. ఈ పని అక్కర్లేకుండా ఉండేది అసలైన మంచి యాప్, అది నాకూ తెలుసు. మీరు రాసుకునేది కొనాల్సిన సరుకుల జాబితాలైతే ఈ గొడవే లేదు, పోతే మళ్ళీ రాసుకుంటారు. ఫోన్‌లో ముందే వచ్చే యాప్ కూడా చాలు. ఐఫోన్ వాళ్ళకి దీని అవసరం ఇంకా తక్కువేమో. 15 ప్రో నుంచి పక్కనున్న యాక్షన్ బటన్‌కే కొత్త నోటు తగిలించుకోవచ్చు, మా చెల్లెలు అలాగే వాడుతోంది. ఆండ్రాయిడ్ 7 నుంచి పైనుంచి లాగే పలకల్లో కూడా యాప్‌లు తమ బటన్ పెట్టుకోవచ్చు, హోమ్ స్క్రీన్ మీద చోటు లేనివాళ్ళు అది చూడండి. నాకు బొటనవేలు ఆ మూలకే అలవాటైపోయింది. యాప్ మార్చి చూద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. ఖాళీ మూల మీద వేలు పడుతూనే ఉంటే మూడో రోజుకే మళ్ళీ దీన్నే తెచ్చిపెట్టుకున్నాను.

లిఫ్టు కథ ఇంకా అలాగే ఉంది. ఆమె ఎందుకు నొక్కలేదో తడితే, ఈసారి ముందు లైటు వేస్తాను.