మినిట్సులో ‘అతను’, ‘ఆమె’, ‘వారు’, పేరు: ఏది మేలు?

సమావేశాల సారాంశాన్ని, అంటే మినిట్సును, ఏఐ చేత రాయించుకుంటున్న మిత్రులు ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు: సర్వనామాలను దాని ఊహకే వదిలేయడమా, ఎవరిని ఏమనాలో ముందుగా పట్టీ ఇవ్వడమా, అసలు సర్వనామమే లేకుండా రాయించడమా? కోనసీమలో మా కాలువ కింది రైతుల సమావేశాలకు ఈ పద్ధతులన్నీ వాడి చూశాను.

దానికే వదిలేసినప్పుడు జరిగింది ఇది. వేసవిలో కాలువలు కట్టేశాక గుర్రపుడెక్క తీయించే పని ఎవరు చూస్తారన్న చర్చలో ఒక మహిళా రైతు ‘నేను చూసుకుంటాను’ అన్నారు. తెలుగులో ‘నేను’తో వచ్చే క్రియకు ఆడా మగా భేదం లేదు కనుక, ఆ మాటను సారాంశంలోకి మార్చేటప్పుడు యంత్రం పేరును బట్టి ఊహించుకోవలసి వచ్చింది. మాణిక్యం, రత్నం వంటి పేర్లు మా వైపు ఆడవారికీ మగవారికీ ఉన్నాయి. కాగితం మీద ‘అతను చూసుకుంటాడు’ అని పడింది. అంతకుముందు మాట్లాడిన మగ రైతే ఒప్పుకున్నట్టు అందరూ భావించారు. పది రోజులు పని కదలలేదు.

నా దృష్టిలో అసలు తూకం ఇదే. తప్పు సర్వనామం మర్యాద లోపంతో ఆగదు, ఒకరు ఒప్పుకున్న పనిని మరొకరి నెత్తిన పెడుతుంది. దిద్దడమూ తేలిక కాదు: ‘అతను’ తీసి ‘ఆమె’ పెడితే ‘చూసుకుంటాడు’ కూడా ‘చూసుకుంటుంది’ కావాలి, కర్తను చెప్పకుండా సాగే వాక్యాల్లోనైతే తప్పు క్రియ చివరనే దాగి ఉంటుంది. తీరా దిద్దాక, ‘వచ్చింది’, ‘చెప్పింది’ అన్న రూపాలు నీటి మోటారుకూ వర్తించేవే కనుక, పసివాళ్లను సైతం ‘అండీ’ అని పలకరించే మా ప్రాంతంలో ఒక పెద్దావిడ గురించి అలా రాసి అందరికీ పంపలేము.

ఎవరికి ‘ఆయన’, ఎవరికి ‘ఆవిడ’ అని హాజరు పట్టీలో ముందే రాసి ఇవ్వడం కొంత నయం. కానీ పట్టీలో లేనివారు వచ్చి మాట్లాడితే మళ్లీ ఊహే. జూమ్ 2021లో ప్రొఫైలులో సర్వనామాలకు ఒక గడి చేర్చింది గానీ, మా సభ్యుల్లో దాన్ని నింపినవారు లేరు. అయితే ఒక సందర్భంలో పట్టీయే సరైనది. తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15 నాటి తీర్పులో గుర్తించింది. అటువంటి సభ్యులను తమను ఏమనాలో అడిగి రాసుకోవాలే తప్ప, గొంతు విని యంత్రం తేల్చే సంగతి కాదది.

అందరినీ ‘వారు’ అనేస్తే ‘వారు ఒప్పుకున్నారు’ అన్నప్పుడు ఒకరా పదిమందా తేలదు. ‘తను’ మాటల్లో బాగుంటుంది, మినిట్సులో నప్పదు.

నేను చివరికి పేరు దగ్గరే ఆగాను. ప్రతి వాక్యంలో పేరు, పక్కన ‘గారు’, క్రియ గౌరవ బహువచనంలో, సర్వనామం వద్దు అని ముందే చెబుతున్నాను. ‘మాణిక్యం గారు చూసుకుంటారు’ అనడానికి ఆ మనిషి ఆడో మగో యంత్రానికి తెలియనక్కరలేదు. ఒకే పేరు అయిదు సార్లు వస్తే చదవడానికి బరువే, కాదనను. అన్నవరం సత్యదేవుడి పుణ్యమా అని మా సంఘంలో సత్యనారాయణ గార్లు చాలామంది ఉన్నందువల్ల ఇంటిపేర్లూ రాయించవలసి వస్తోంది. పేరునే తప్పుగా వింటే ఈ పద్ధతీ కాపాడదు. అందుకని ముగించే ముందు ఎవరు ఏ పని ఒప్పుకున్నారో ఇంటిపేర్లతో సహా ఒకసారి పైకి చదువుతున్నాను, అదీ రికార్డులోకి ఎక్కుతుంది.